పదిహేడో నంబరు బతికే ఉంది

పదిహేడో నంబరు బతికే ఉంది. కార్డు మీద అలాగే రాసి ఉంది. రాసింది దోబ్రింకానే, నీలం సిరాతో, పక్కన ముద్ర కూడా కొట్టింది. తొమ్మిదేళ్లుగా బతికే ఉంది. రెండింటి బస్సు పెట్రోలు బంకు దాటి పొలాల్లోకి దిగుతుంటే దోబ్రింకా కిటికీకి తల ఆనించి ఆ ఒక్క మాటనే నములుతూ కూర్చుంది, రుచీ పచీ లేకుండా. మూడు వారాలుగా దేనికీ రుచి లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో ఒళ్లంతా అలా ఉంది, కొరుక్కున్నా తెలియదు. అద్దం అదురుతోంది, దాంతో పాటు పళ్లు అదురుతున్నాయి, అవి తన పళ్లేనని మాత్రం అనిపించడం లేదు. ఒళ్లో చేతిసంచీ. సంచీలో రెండు కాయితాలు. ఒకటి తన బయాప్సీ చీటీ. రెండోది డాక్టర్ కాలిన్ వూతోవ్ అచ్చు తీయించిన పట్టిక, దాని పైన ఎందరు బతికున్నారో చూపే రెండు గీతలు, ఎర్రది అరుదైన రకం క్యాన్సర్ వాళ్లది, నల్లది మామూలు రకం వాళ్లది, రెండూ చెట్టపట్టాలు వేసుకుని మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి. రేపు ఉదయం తొమ్మిదింటికి డాక్టర్ల కమిటీ ఆ గీతల్ని చూసి దోబ్రింకా రొమ్ముకి ఏం చెయ్యాలో తేలుస్తుంది. ఆలోపల దోబ్రింకా పదిహేడో నంబరుని కళ్లారా చూడాలి. సుహి బ్రెగ్ ఊరికి గంట ప్రయాణం. తిరుగు బస్సు ఐదింటికి, అదే ఆఖరిది.

ఆ చీటీ మూడు వారాల కిందటి మంగళవారం కట్టలో వచ్చింది. ఇరవై ఏడేళ్లుగా జిల్లా క్యాన్సర్ ఆసుపత్రి కార్డుల గదిలో దోబ్రింకా గుమాస్తా. ప్రతి మంగళవారం ల్యాబ్ నుంచి చీటీల కట్ట వస్తుంది, రబ్బరు బ్యాండు తీసి, ఒక్కో చీటీ చదివి, రోగం పేరుకి అంకె వేసి, కార్డు తెరిచి పెట్టెలో పెట్టాలి, ఉద్యోగం అంటే అదే. చేతికి అలవాటు, పైన పేరు చూడదు, నేరుగా కింది పేరాకి పోతుంది. తన రొమ్ములోంచి ముక్క తీసి పది రోజులైందని తెలుసు, చీటీ రావాల్సి ఉందనీ తెలుసు, అయినా ఆ రోజూ చెయ్యి అలవాటు ప్రకారమే పోయింది. నాలుగో చీటీలో మెటాప్లాస్టిక్ అని ఉంది. అరే, చాన్నాళ్లకి ఒకటి వచ్చిందే అనుకుంది, నిజంగా అలాగే అనుకుంది, స్టాంపులు దాచుకునేవాడికి కొత్త దేశం స్టాంపు దొరికినట్టు. అంకె వేసింది, వరస నంబరు ముప్పై రెండు అని రాసింది, అప్పుడు పేరు కోసం పైకి చూసింది. దోబ్రింకా స్తెఫనోవా త్స్వెతనోవా, యాభై మూడేళ్లు. కలం ఆగలేదు. పేరు పూర్తిగా రాసింది, పుట్టిన తేదీ చూడకుండానే రాసింది, కార్డు పెట్టెలో పెట్టి ఐదో చీటీ తీసింది. పదకొండు చీటీలూ పూర్తి చేసింది. ఇంటికి పోయి గుమ్మడికాయ రొట్టె తిని పడుకుంది. హాయిగా నిద్ర పట్టింది. ఆ నిద్ర తలచుకుంటేనే సిగ్గు, చీటీ తలచుకుంటే ఏమీ లేదు.

ఈ రోగంలో కూడా మామూలు వాళ్లూ, ఎవరికీ పట్టని వాళ్లూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో డెబ్బై ఎనభై మందిది మామూలు రకం, దానికి గులాబీ రిబ్బన్లున్నాయి, అక్టోబరులో చౌరస్తాలో నడకలున్నాయి, మంత్రి గారి భార్య వచ్చి కోటుకి రిబ్బను గుచ్చుకుని ఫొటో దిగుతుంది, మందుల కంపెనీ వాడు డాక్టర్లకి కాఫీ మిషన్ ఇస్తాడు. దోబ్రింకాది వందలో ఒకరికి కూడా రాదు. పాలగొట్టంలో పుట్టిన కణం తన పుట్టుక మరిచిపోయి ఎముక వేషం వేస్తుంది, కండ వేషం వేస్తుంది, మామూలు రకానికి రాసిన మందు దాన్ని గుర్తుపట్టదు. దానికోసం ఎవడూ నడవడు. ముప్పై ఒక్కమంది కోసం ఎవడు నడుస్తాడు. ఈ జిల్లాలో, పక్క రెండు జిల్లాల్లో కలిపి పాతికేళ్లలో తేలింది ముప్పై ఒక్కమందే, వాళ్లని పెట్టెల్లోంచి వెతికి తీసింది దోబ్రింకానే, డాక్టర్ వూతోవ్ అడిగితే. కుర్రవాడు, మంచివాడు, నిద్రలేక కళ్ల కింద సంచులు, రెండు రకాలూ పోల్చి ఒక వ్యాసం రాసుకుంటున్నాడు. ఒక్కో అరుదైన ఆడమనిషికీ ఇద్దరు మామూలు వాళ్లని జత వెతకాలి, అదే వయసు, అంతే గడ్డ, అదే ఏడు. పెళ్లిసంబంధాలు చూసినట్టు చూసింది దోబ్రింకా, రెండు నెలలు, అరవై ఇద్దరిని కుదిర్చింది. తనకీ ఇద్దరు జతగత్తెలు ఎక్కడో పెట్టెలో ఉంటారు. వెతకలేదు.

ముప్పై ఒక్కమందిలో ఎనిమిదిమందికి ముందు సీసాలెక్కించి తర్వాత ఆపరేషన్ చేశారు. ఆరు నెలలు కీమో సీసాలు, గడ్డ కరిగాక కత్తి, మామూలు రకంలో మొండిదానికి చేసే పద్ధతే. ఆ ఎనిమిదిమందిలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఐదుగురు. వాళ్ల జతల్లో పదహారుమందికి పదిమంది. ఎనిమిదిలో ఐదు, పదహారులో పది, రెండూ ఒకటే, కాబట్టి తేడా లేదు, కాబట్టి అరుదైన రకానికీ అదే వైద్యం చాలు, కాబట్టి రేపటి నుంచి దోబ్రింకాకి ఆరు నెలలు సీసాలు. ఈ రకం గడ్డ సీసాలని చూసి నవ్వుతుందనీ, ముందు కత్తి పెట్టకపోతే ఆరు నెలల్లో ఒళ్లంతా పాకుతుందనీ రిటైరైన సర్జన్ ఒకాయన అనేవాడు, ఆయన మాటకి పట్టిక లేదు, ఆయనా లేడు. పట్టిక ఉన్నవాడిదే మాట. ఆ ఐదుగురిలో అందరికంటే ఎక్కువ కాలం బతికింది పదిహేడో నంబరు, తొమ్మిదేళ్లు, గీతకి కుడి చివర వేలాడుతున్న చిన్న టిక్కు ఆవిడే. డాక్టర్ ఆ టిక్కు మీద వేలు పెట్టి చూపించాడు దోబ్రింకాకి, బహుమతి చూపించినట్టు. ధైర్యం చెప్పాలని చూపించాడు పాపం.

బస్సు ఒక ఊళ్లో ఆగింది. ఎవరూ ఎక్కలేదు. స్టాపు గోడ నిండా చావు కాయితాలు, మనిషి పోయినప్పుడూ ఆ తర్వాత ఏటా ఇంటివాళ్లు ఫొటోతో అంటించేవి, కొత్తవి, పాతవి, వానకి ఉబ్బినవి, దోబ్రింకా కళ్లు వాటంతట అవే వాటి మీదికి పోయాయి, నల్ల అంచువి నాలుగు, ముస్లిములది ఆకుపచ్చ అంచుది ఒకటి, నలభై రోజులది, ఏడాదిది, మూడేళ్లది, ఫొటోలో అందరూ పెళ్లికి పోతున్నట్టు చొక్కా గుండీలు పెట్టుకుని. ఇరవై ఏడేళ్లుగా దోబ్రింకా ఇలాగే చదువుతుంది, ఆఫీసుకి పోయే దారిలో తలుపులు, స్తంభాలు, చర్చి పక్క బోర్డు, బస్టాండు. బస్సు డ్రైవర్లు చెబుతారు, తుడిచే ఆడవాళ్లు ఊడిపోయిన కాయితాలు తెచ్చి ఇస్తారు. చావు కాయితం కనబడితే కార్డు తీసి తేదీ వేస్తుంది. ఈ కిటుకు నేర్పింది తనకి ముందు ఆ గదిలో పనిచేసిన నెత్కా పిన్ని, రాజధాని నుంచి జనాభా లెక్కల ఆఫీసు జవాబు రావాలంటే ఆరు నెలలు, గోడ మీద చూస్తే ఆరు గంటలు, మన దేశంలో మనిషి చచ్చాడంటే తలుపు చెప్పకుండా ఉండదు అనేది. నవంబరులో లెక్క ముగించేటప్పుడు కాయితం కనబడని వాళ్ల కార్డులన్నీ వరసగా పెట్టుకుని ఒకటే ముద్ర, ఒకటే మాట. కాయితం లేదు, బతికి ఉంది. నెత్కా పిన్ని పోయినప్పుడు ఆవిడ కాయితం కూడా దోబ్రింకానే చూసింది, బేకరీ తలుపు మీద, ఆవిడ కార్డు లేదు గనక తేదీ వేయడానికి ఏమీ లేక ఊరికే నిలబడింది. భర్త వాసిల్ గుండె ఆగి పోయినప్పుడు తనే రాసింది, తనే అంటించింది. ఏటా మార్చిలో మళ్లీ అంటిస్తుంది, అందుకే సంచీలో ఎప్పుడూ ఒక టేపు చుట్ట, అది తీసి బయట పెట్టాలని ఎప్పుడూ తోచలేదు, దువ్వెన లాగా అదీ ఉంటుంది.

పొద్దుతిరుగుడు పూలు కోసేశారు, మోళ్లు నిలబడి ఉన్నాయి, మైళ్ల కొద్దీ మోళ్లు, అంతా ఒక్కడి భూమే అంటారు, ఆ ఒక్కడు ఎవడో ఈ బస్సులో ఎప్పుడూ ఎక్కలేదు. కూలిపోయిన కప్పులతో కోళ్ల ఫారం వెనక్కి పోయింది. గెర్గీనా మిలెవా, పదిహేడో నంబరు, ఆ ఫారంలోనే పనిచేసేది, కార్డులో వృత్తి దగ్గర కోళ్ల ఫారం కూలి అని ఉంది. వయసు నలభై ఆరు. వివాహం లేదు. దగ్గరి బంధువు అన్న చోట గీత. అందరికీ ఆ చోట ఒక ఫోను నంబరు ఉంటుంది, గెర్గీనాకి గీత. ఆ గీత రాసిందీ దోబ్రింకానే, రాసినప్పుడు ఏమీ అనిపించలేదు, అనిపించడానికి జీతం ఇవ్వరు. పోయిన శుక్రవారం మాత్రం ఆ కార్డు చేతిలో పెట్టుకుని కూర్చుండిపోయింది. తొమ్మిది నవంబరులు, తొమ్మిది వరసలు, ఒకే దస్తూరీ, ఒకే సిరా, కాయితం లేదు బతికి ఉంది, కాయితం లేదు బతికి ఉంది. అసలు ఆవిడని ఆసుపత్రిలో చివరిసారి చూసింది ఎవరు? ఎవరూ లేరు, ఆపరేషన్ కుట్లు విప్పిన రోజు తర్వాత మళ్లీ వచ్చినట్టు ఒక్క రాత లేదు ఆ కార్డు మీద. ఇరవై రెండో నంబరు కార్డు తీసింది, వృద్ధాశ్రమం చిరునామా, ఆ ఆశ్రమం మూతబడి నాలుగేళ్లు, కాయితం లేదు బతికి ఉంది. ఇరవై తొమ్మిది తీసింది, ఖాళీ అయిపోయిన ఊరు, కాయితం లేదు బతికి ఉంది. పట్టికలో బతికున్న ఐదుగురిలో ముగ్గురు. ఆ ముగ్గురినీ చావనివ్వకుండా పట్టుకున్నది దోబ్రింకా ముద్ర.

చావాలన్నా మనుషులుండాలి. కాయితం రాయడానికి ఒకడు, ఫొటో వెతకడానికి ఒకడు, అంటించడానికి ఒకడు, అడుగున పేర్లు పెట్టుకోవడానికి నలుగురు. వాళ్లెవరూ లేనివాళ్లు ఈ దేశంలో చావరు, పెట్టెల్లో బతుకుతూ ఉంటారు, నూట పదేళ్లు, నూట ఇరవై ఏళ్లు, ఏ మందు ఇచ్చినా పనిచేసినట్టే ఉంటుంది వాళ్ల మీద. ఊరి మేయరు ఆఫీసు మూసేశారు, పోస్టాఫీసు మూసేశారు, ఫారం మూసేశారు, ఆ ఊళ్ల నుంచి రావాల్సిన మరణాల జాబితా ఎవడు పంపుతాడు. మూసినవాళ్లు బాగానే ఉన్నారు. లెక్క తప్పింది దోబ్రింకా కార్డులో.

శుక్రవారమే డాక్టర్ గదికి పోయి చెప్పింది. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. ముగ్గురి కోసం వ్యాసం ఆపలేననీ, వచ్చే వారం సభలో చదవాలనీ, జనాభా లెక్కలకి రాస్తే క్రిస్మస్ దాటుతుందనీ మెల్లగా చెప్పాడు. చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"దోబ్రింకక్కా, నా పట్టిక నిలబడింది మీ కార్డుల మీద. ఇరవై ఏడేళ్లు మీ కార్డుని ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడు మీకు జబ్బు చేసిందని మీరే అనుమానిస్తే ఎలా చెప్పండి."

భయంతో అంటోందనుకున్నాడు. భయమే లేదు, అదే చెప్పాలనుకుంది, ఏమీ లేదు డాక్టర్ గారూ, లోపల దూది కుక్కినట్టుంది అని, చెప్పలేదు. మంచిదండీ అని వచ్చేసింది. శనివారం పడుకుంది, ఆదివారం పడుకుంది, సోమవారం సెలవు చీటీ రాసి బస్టాండుకి వచ్చింది. డ్రైవరు లావుపాటి మనిషి, సుహి బ్రెగ్ అనగానే టికెట్టు చింపడం ఆపి ఎగాదిగా చూశాడు. ఆ ఊళ్లో దిగేవాళ్లే లేరమ్మా, నిన్ను దింపితే జనాభా పెరిగిందని రాసుకుంటారు అన్నాడు. తిరుగు బస్సుకి ఐదు నిమిషాలు ముందే నిలబడు, నేనక్కడ ఆగేది అలవాటు కొద్దీ గాని అవసరం కొద్దీ కాదు అని కూడా అన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వింది దోబ్రింకా, మూతి సాగదీస్తే సరిపోతుంది.

అయితే బతికుందేమో. ఎందుకుండకూడదు. ఈ ఒక్క ఆలోచన దగ్గర మాత్రం దూది కొంచెం కదులుతుంది. గేటు తీస్తుంది గెర్గీనా, యాభై అయిదేళ్ల మనిషి, ఒకవైపు ఛాతీ పలకలాగా, పైన మగవాళ్ల స్వెట్టరు, కాళ్ల చుట్టూ సొంత కోళ్లు, ఎవరు కావాలి అంటుంది విసుగ్గా. విసుక్కోవాలి, అదే కావాలి, బతికున్న మనిషి విసుక్కుంటుంది. ఆసుపత్రి నుంచి అంటే, తొమ్మిదేళ్లకి గుర్తొచ్చానా మీకు అంటుంది. తిట్టనీ. కూర్చోబెట్టి గ్లాసుడు మజ్జిగ ఇస్తుంది, అప్పుడు దోబ్రింకా అడుగుతుంది, సీసాలు ఎక్కించేటప్పుడు గడ్డ కరిగిందా అని, కరిగింది అంటుంది ఆవిడ, మంచుగడ్డ కరిగినట్టు కరిగింది అంటుంది, ఇక రేపు తొమ్మిదింటికి దోబ్రింకా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతుంది, ఎక్కించండి అని. ఎనిమిదిలో ఐదు. పదహారులో పది. ఇరవై ఏడేళ్లు తను చేసింది తప్పు కాదు. ఒక్క ఆడది తలుపు తీస్తే చాలు ఇవన్నీ. ఆవిడ లేకపోతే ఆ సీసాలు తనని చంపుతాయి, ఆ చంపేది తన ముద్రే. బయాప్సీ చోట బ్రా కింద దురద పెట్టింది. గోకింది. ఎవరి రొమ్మో గోకినట్టుంది.

సుహి బ్రెగ్ స్టాపు గోడ మీద రెండే కాయితాలు, ఒకటి ఆరేళ్లది. ఊరి పొడుగూ ఒకటే వీధి, సగం ఇళ్లకి తాళం, తాళాలకి తుప్పు, మిగతా సగంలో దేంట్లో మనిషి ఉన్నాడో వాసన చెబుతోంది. సెప్టెంబరు ఆఖరు, మిరపకాయలు కాల్చే వాసన. కార్డులో ఉన్న చిరునామా, పద్నాలుగో నంబరు ఇల్లు, గేటు పచ్చ రంగు, పెచ్చులూడింది. దాని మీద ఏ కాయితమూ లేదు. కాయితం లేదు, అనుకుంది దోబ్రింకా, తర్వాతి మాట తన్నుకుని వచ్చింది అలవాటుగా, బతికి ఉంది. గేటు తోసింది. గడ్డి నడుము దాకా. నూతి మీద మూత విరిగి లోపలికి వంగింది. తలుపు మీద చెక్క అడ్డంగా కొట్టి ఉంది, మేకులు కూడా పాతబడ్డాయి. దోబ్రింకా అక్కడే నిలబడి తలుపు తట్టింది. చెక్క మీదే తట్టింది. రెండుసార్లు.

పక్క పెరట్లోంచి ఒక ముసలావిడ పిలిచింది, తోనవ్వ, ఆ ఊళ్లో ఆవిడని అందరూ అలాగే పిలుస్తారట, మోకాళ్ల మీద గోనెపట్టా, ముందు కాలుతున్న రేకు పొయ్యి, పక్కన తొట్టి నిండా కాల్చిన ఎర్ర మిరపకాయలు. ఇల్లు కొనడానికొచ్చావా అని అడిగింది. కాదంది దోబ్రింకా. మరి ఆవిడకేమవుతావు అంది. ఆఫీసు నుంచి వచ్చానంది దోబ్రింకా. ఆఫీసు అనగానే తోనవ్వ మొహం తిప్పుకుని ఇంకో కాయ పొయ్యిలో పడేసింది, ఆఫీసులు ఎప్పుడూ ఇంతే, కోడి పోయాక కుక్కని కట్టేస్తారు అన్నట్టు గొణిగింది. దోబ్రింకా వెళ్లలేదు. తొట్టి పక్కన తిరగేసిన డబ్బా ఉంటే దాని మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే ఒక కాయ తీసి తొక్క వొలవడం మొదలుపెట్టింది. అవి కారంవి, నీ చేతిపక్కవి, తొడుగులు వేసుకో అంది ముసలావిడ. పర్లేదంది. మాడిన తొక్క వేలికి అంటుకుని తడిగా ఊడి వస్తోంది, లోపల ఎర్రగా, పచ్చిగా, మెత్తగా. వేడి తెలియలేదు, కారం తెలియలేదు. నాలుగు కాయలు వొలిచాక అడిగింది, గెర్గీనా ఎక్కడ అవ్వా అని.

"ఎక్కడేంటి పిల్లా. పోయి ఎన్నేళ్లయింది. ఫారం మూసిన చలికాలం, ఫిబ్రవరి, మంచు ఈ గోడంత ఉంది. మూడు రోజులు పొగ రాలేదని నేనే పోయి చూశాను."

ఫారం మూసిన చలికాలం. దోబ్రింకా వేళ్లు వొలుస్తూనే ఉన్నాయి, తల లెక్క కట్టింది, దానికి అదొక్కటే వచ్చు. మార్చిలో గెర్గీనా బయాప్సీ చీటీ, ఆ వెంటనే వచ్చిన ఫిబ్రవరి. పదకొండు నెలలు. కార్డులో తొమ్మిదేళ్లు.

తోనవ్వ తనంతట తనే చెప్పుకుపోయింది, చెప్పడానికి తొమ్మిదేళ్లుగా ఎవరూ దొరకనట్టు. సీసాలెక్కించుకుని అదే రెండింటి బస్సులో వచ్చేదట, స్టాపు దగ్గర దిగి బల్ల మీద పడుకునేదట, తోనవ్వ చక్రాల బండి తీసుకుపోయి తెచ్చేది, బీట్‌రూట్లు తెచ్చినట్టు తెస్తున్నావే ముసలీ అని గెర్గీనా నవ్వేదట. జుట్టు పోయింది, గోళ్లు పోయాయి, గడ్డ మాత్రం పోలేదు. ప్రతి సీసాకీ పెరిగింది, వాల్‌నట్ కాయంత ఉన్నది పిడికిలంత అయింది, డాక్టర్లకి చెప్పవే అంటే, చెప్పానవ్వా, కాయితంలో ఇలాగే ఉందట, ఇంకా రెండు సీసాలున్నాయట అందట. ఆపరేషన్ చేసేసరికి ఊపిరితిత్తుల్లోకి పోయింది. కుట్లు విప్పాక ఆసుపత్రికి మళ్లీ పోలేదు, బస్సెక్కే ఓపిక లేదు, రమ్మని ఎవరూ పిలవనూ లేదు. మునిసిపాలిటీ వ్యాను వచ్చి తీసుకుపోయింది, ఎక్కడ పూడ్చారో కూడా తోనవ్వకి తెలియదు.

"చావు కాయితం ఎందుకు పెట్టలేదు అవ్వా?" దోబ్రింకా గొంతు మామూలుగానే ఉంది, కార్డుల గదిలో అడిగినట్టే ఉంది.

"ఎవరు పెడతారు? అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల. అడుగున దుఃఖిస్తున్నవారు అని ఉంటుందే, అక్కడెవరి పేరు రాయను? నేను పెడదామనుకున్నా. నాకేమీ కాదు కదా, కానిదానికి పెడితే, ఇల్లు కాజేయడానికి చుట్టరికం కలుపుతోంది ముసల్ది అని ఊళ్లో అనరూ? అప్పుడు ఊళ్లో అనడానికి ఇంకా మనుషులున్నారు." పొయ్యిలో కాయ తిప్పింది. "ఫొటో కూడా లేదు పిల్లా."

తొట్టి ఖాళీ అయ్యేదాకా వొలిచింది దోబ్రింకా. తర్వాత చేతులు గోనెపట్టాకి తుడుచుకుని సంచీ తెరిచింది. రాయడానికి కాయితాలు రెండే ఉన్నాయి, చీటీ రేపు కావాలి. పట్టిక తీసి వెనక్కి తిప్పింది, వెనక తెల్లగా ఉంది. మోకాలి మీద పెట్టుకుని చుట్టూ నల్లగా మందంగా అంచు గీసింది, కలం అరిగేలా గీసింది. ఫొటో ఉండాల్సిన చోట ఒక చదరం గీసి అలాగే వదిలేసింది. గెర్గీనా మిలెవా, నలభై ఏడేళ్లు. తండ్రి పేరు కార్డులోనూ లేదు. తేదీ తోనవ్వని అడిగి వేసింది, పదకొండో పన్నెండో అందావిడ, పన్నెండు వేసింది. ఒక వాక్యం రాస్తారు మామూలుగా, నీ వెలుగు మాలో ఉంటుంది లాంటివి, అలాంటివి వేలకొద్దీ చదివింది, ఏదీ చెయ్యి రాయలేదు. ముందు సీసాలు ఎక్కించారు, గడ్డ పెరిగింది, పదకొండు నెలలు బతికింది అని రాసింది. గోడ మీద అలాంటిది ఎవడూ రాయడు. రాయాలి. దుఃఖిస్తున్నవారు అని రాసి ఆగింది. దుఃఖం ఎక్కడుందో వెతికింది, దొరకలేదు, ఉన్నవాళ్లే సంతకం పెట్టాలంటే సగం గోడలు ఖాళీగా ఉంటాయి. దోబ్రింకా త్స్వెతనోవా అని పూర్తిగా రాసింది. తోనవ్వ వంగి చూసింది, కళ్లకి అక్షరాలు ఆనవు, అడుగున ఎవరి పేరని అడిగింది, నాదే అంది దోబ్రింకా.

"నీ పేరే పెట్టుకున్నావా? ఆఫీసు నుంచన్నావుగా. నిజం చెప్పు, ఏమవుతావు దానికి?"

"మా ఇద్దరిదీ ఒకే రకం అవ్వా."

ముసలావిడ చూపు పైనుంచి కిందికి దిగి రొమ్ము దగ్గర ఆగింది. నాది కూడా రాయి, తోనా మరినోవా, ఇప్పుడు అనేవాళ్లెవరున్నారులే అంది. రాసింది. టేపు తీసి పళ్లతో తెంపి పచ్చ గేటు మీద నాలుగు మూలలా అంటించింది, గీతలున్న వైపు గేటుకి, తొమ్మిదేళ్ల టిక్కు పెయింటుకి అతుక్కుని లోపలికి పోయింది.

ఐదింటి బస్సు ఐదు నిమిషాలు ముందే వచ్చింది. దొరికారా నీవాళ్లు అన్నాడు డ్రైవరు. దొరికారంది. కిటికీ పక్కన కూర్చుంది, మోళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఎనిమిదిలో నాలుగు. ఆ నాలుగులో ఇరవై రెండు, ఇరవై తొమ్మిది ఉన్నారో లేరో చూసినవాడు లేడు, వాళ్ల గేట్ల ముందు కూడా ఎవరో ఒకరు నిలబడేదాకా అది పట్టిక కాదు, కాయితం. కోళ్ల ఫారం దాటుతుంటే కుడిచేతి బొటనవేలి గోటి కింద ఏదో చురుక్కుమంది. తర్వాత చూపుడువేలు. కాసేపటికి పది వేళ్లూ అంటుకున్నాయి, నిప్పులో పెట్టినట్టు, మిరప కారం అలాగే వస్తుంది, గంట ఆలస్యంగా, ముందు చెప్పకుండా. ఊదుకుంది. తెలియక కన్ను నలుపుకుంది, కన్నూ మండింది, నీళ్లు ధారగా కారి మెడలోకి దిగాయి. డ్రైవరు అద్దంలోంచి చూసి రేడియో తగ్గించాడు. ఏడవడం లేదని చెప్పబోయి ఊరుకుంది. నొప్పిగా ఉంది. తన వేళ్లే. రేపు తొమ్మిదింటికి ఈ చేతులు బల్ల మీద పెట్టి, ఎవరూ పట్టిక తీయకముందే చెబుతుంది. పదిహేడో నంబరు చచ్చిపోయింది, పేరు గెర్గీనా, పదకొండు నెలలు. ముప్పై రెండో నంబరు నేను, ముందు ఆపరేషన్ చెయ్యండి.